లింకర్ పని మెషీన్‌కి అప్పగించిన హాపర్

విజువల్ స్టూడియోలో సి ప్రోగ్రామ్ రాశారు. కంపైల్ అయింది. తీరా చివర్లో విన్‌మెయిన్ దొరకలేదంటూ బిల్డ్ ఆగిపోయింది. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుని, తప్పులేని కోడ్‌నే పదిసార్లు తిరగరాస్తారు. ఈ గొడవ లింకర్‌ది. ఆ లింకర్ చేసే పనిని మొదట్లోనే మెషీన్‌కి అప్పగించినవారిలో గ్రేస్ హాపర్ ఒకరు.

ఆమె 1906లో న్యూయార్క్‌లో పుట్టారు. యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ చేసి, వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. యుద్ధం వచ్చాక నేవీలో చేరతానంటే వయసు ఎక్కువ, బరువు 15 పౌండ్లు తక్కువ అన్నారు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మరీ 1943లో చేరారు. మరుసటి ఏడాది హార్వర్డ్‌లోని మార్క్ 1 కంప్యూటర్ దగ్గర పని ఇచ్చారు.

అక్కడ పనికొచ్చే కోడ్ ముక్కల్ని నోట్‌బుక్‌ల్లో దాచుకుని, ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తిరాసుకునేవారు. అంకెలు తారుమారయ్యేవి. తర్వాతి కంప్యూటర్లలో ఇంకో చిక్కు: ముక్క కొత్తచోటికి వెళ్తే అందులోని అడ్రస్‌లన్నిటికీ ఆ మేరకు సంఖ్య కలపాలి. ఆ కూడికల్లోనూ తప్పులే. లెక్కల్లో డాక్టరేట్ ఉన్నవాళ్ల సంగతే ఇది, మనమెంత!

1949లో యూనివాక్ తయారుచేస్తున్న కంపెనీకి మారిన హాపర్, 1952కల్లా ఏ-0 సిద్ధం చేశారు. కోడ్ ముక్కలు టేపు మీద ఉంటాయి, ఒక్కోదానికి ఒక నంబర్. కావాల్సిన నంబర్లిస్తే మెషీనే వెతికి తెచ్చి, అడ్రస్‌లు సరిచేసి, ఒకే ప్రోగ్రామ్‌గా కుట్టేస్తుంది. దాన్ని ఆమె కంపైలర్ అన్నారు. నేటి లెక్కలో అది చేసింది ఎక్కువగా లింకర్, లోడర్ల పనే. కంప్యూటర్ లెక్కలు చేస్తుందేగానీ ప్రోగ్రామ్ రాయదనుకునేవాళ్లు చాన్నాళ్లు దాన్ని నమ్మలేదు.

ఇప్పుడు మీ ఎర్రర్ చూడండి. ముక్కలన్నీ కలిపే లింకర్‌కి, ప్రోగ్రామ్ ఎక్కడ మొదలవ్వాలో తెలియాలి. కన్సోల్ అని చెబితే మెయిన్ కోసం, విండోస్ అని చెబితే విన్‌మెయిన్ కోసం చూస్తుంది. మీరు రాసింది మెయిన్, సెట్టింగ్‌లో ఉన్నది విండోస్. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో లింకర్, అందులో సిస్టమ్, అక్కడ సబ్‌సిస్టమ్‌ని కన్సోల్‌గా మార్చండి, చాలు. గ్రాఫికల్ ప్రోగ్రామ్ వెనక నల్ల తెర వస్తోందా? అదే చోట విండోస్ పెట్టి, విన్‌మెయిన్ రాయాలి.

హాపర్ ఆ తర్వాత ఇంగ్లిష్ మాటలతో రాసే ఫ్లో-మాటిక్ తెచ్చారు. 1959లో మొదలైన కోబాల్‌కి అది పెద్ద ఆధారం. 1966లో రిటైరైతే, మరుసటేడే నేవీ మళ్లీ పిలిచింది. కోబాల్‌ని ఒక ప్రమాణానికి తేవాలి, కంపైలర్లు దాన్ని పాటిస్తున్నాయో లేదో తేల్చే టెస్టులు కావాలి. అలా వెళ్లినావిడ 1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్‌గా బయటికొచ్చారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.