దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులు

దూరపుకొండలు నునుపని సామెత. ప్రజాసేవకుల విషయమున నిది తఱచుగా నిజమగుచుండును. పరస్థలములలో కీర్తి గడించినవారికి స్వస్థలమున మన్నన లేకపోవుట కలదు. ఊరివారు మనిషి గుణదోషములను నిత్యము చూచుచుందురు. వారి తక్కెడ కఠినమైనది. ఆ తక్కెడలో తూగి, దేశభక్తుడను బిరుదమును ఇంటిపేరునకు ముందు శాశ్వతముగా నిలుపుకొన్న మహనీయులు గుంటూరు వాస్తవ్యులు కొండ వెంకటప్పయ్య పంతులుగారు. వారు 1866 ఫిబ్రవరి 22వ తేదీన పాతగుంటూరులో జన్మించిరి. 2026 ఫిబ్రవరి 22వ తేదీకి వారి జననమునకు నూటయఱువది యేండ్లు.

ఆనాటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు, కృష్ణాజిల్లాలోని భాగము. పంతులుగారు గుంటూరులోను, చెన్నపురి క్రైస్తవ కళాశాలలోను చదివి, న్యాయశాస్త్రమున పట్టమునంది, జిల్లా ముఖ్యస్థానమగు బందరులో వకీలువృత్తి నారంభించిరి. వృత్తితోపాటు ప్రజాకార్యములు కూడ వారి నాకర్షించినవి. 1902లో దాసు నారాయణరావుగారితో గూడి కృష్ణాపత్రికను స్థాపించిరి. అనంతరము ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున నా పత్రిక ఆంధ్రదేశమున జాతీయభావమునకు పెట్టనికోటయైనది. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినపిదప పంతులుగారు స్వస్థలమునకు మరలివచ్చిరి. తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రము కావలెనను వాదము 1913లో బాపట్లయందు జరిగిన ప్రథమాంధ్ర మహాసభలో రూపుదాల్చుటకు పాటుపడినవారిలో వారగ్రగణ్యులు.

ఇంతవఱకు వారి జీవితము ఆ తరమునకు జెందిన పెక్కుమంది విద్యావంతుల జీవితమువంటిదే. సహాయనిరాకరణోద్యమము దానిని మార్చివేసినది. యేబదియైదేండ్ల ప్రాయమున, సుఖముగా కాలము గడుపదగిన దశలో, వారు వకీలువృత్తిని త్యజించి ఉద్యమమున బ్రవేశించి, ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు నాయకత్వము వహించిరి. ఆ పదవి తెచ్చిన పరీక్ష పంతులుగారి స్వంత జిల్లాలోనే యెదురైనది.

1921లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున శిస్తు నిరాకరణమునకు సన్నద్ధులైరి. గ్రామోద్యోగులు పలువురు రాజీనామాల నిచ్చిరి. 1922 జనవరి నాటికి శిస్తు వసూలు దాదాపు స్తంభించినది. సర్కారు దండును దింపినది, జప్తులు సాగినవి. భూమినే నమ్ముకొన్న రైతునకు శిస్తు నిరాకరణమన నేమో వేఱుగా చెప్పనక్కఱలేదు. అది తాతలనాటి మడిని పణముగా నొడ్డుట. అయినను రైతులు చలింపలేదు.

అట్టితరుణమున గాంధీమహాత్ముడు పంతులుగారికి లేఖ వ్రాసిరి. అహింస, ఖద్దరు, అస్పృశ్యతా నివారణము, మతసామరస్యము మున్నగు విషయములలో 1921 నవంబరున ఢిల్లీయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము విధించిన నియమములు పూర్తిగా నెఱవేఱినగాని శిస్తు నాపుట తగదని దాని సారాంశము. ఒకవైపున సర్వస్వమును పణమొడ్డిన తన జిల్లా రైతులు. ఒకవైపున తాను గురువుగా నంగీకరించిన మహాత్ముని యాజ్ఞ. ఫిబ్రవరిలో నిరాకరణము విరమింపబడినది. రైతులు శిస్తు చెల్లించిరి.

గెలుపు చేతికందు వేళ నాయకులు వెనుదీసిరని నొచ్చుకొనుట రైతుపక్షమున న్యాయమే. మా యభిప్రాయము వేఱు. జనులను ముందునకు నడపుట కుత్సాహము చాలును. నడచుచున్న జనమును నిలుపుటకు గుండెనిబ్బరము కావలయును. ముందునకు సాగుమన్నవానికి జయజయధ్వానములు లభించును. ఆగుమన్నవానికి నిందయే మిగులును. ఆ నింద భరింపలేక పంతులుగారు మిన్నకుండియున్నచో, నియమబద్ధమైన పోరాటమునకును కేవల ధిక్కారమునకును భేదము చెరిగిపోయెడిది. అంతకంటె గమనింపదగినది, విరమణానంతరము కూడ గుంటూరు జిల్లా వారిని విడువకుండుట. 1923 డిసెంబరున కాకినాడలో మౌలానా మహమ్మదాలీగారి యాధిపత్యమున కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఆహ్వానసంఘాధ్యక్షులు పంతులుగారే. 1930లో ఉప్పు సత్యాగ్రహమున అఱువదినాలుగేండ్ల వయసున చెరసాల కేగిరి. సంపాదించినదెల్ల దేశకార్యములకే వ్యయపఱచిరి.

వారు పట్టిన రెండవకార్యమగు ఆంధ్రరాష్ట్ర నిర్మాణము సర్కారు జిల్లాలకును రాయలసీమకును పరస్పరవిశ్వాసము కుదిరినగాని నెఱవేఱునది కాదు. 1937 నవంబరు 16వ తేదీన చెన్నపురిలో కుదిరిన శ్రీబాగు ఒడంబడికలో పంతులుగారును భాగస్వాములు. స్వరాజ్యము సిద్ధించిన సరిగా రెండేండ్లకు, 1949 ఆగస్టు 15వ తేదీన, వారు కాలధర్మము నొందిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది, వారు చూడలేదు. ఒడంబడిక ననుసరించి కర్నూలు రాజధానికాగా, ఉన్నతన్యాయస్థానము 1954లో గుంటూరున వెలసి, 1956 వఱకు నందే యుండినది. న్యాయవాదవృత్తిని తృణప్రాయముగా విడిచిన పెద్ద పుట్టినయూరికి న్యాయపీఠము దక్కుట ముచ్చటయైన సంఘటనము.

పెద్దల జన్మదినమున పూలమాల వేయుట సులభము. పంతులుగారు మన ముందుంచిన ప్రశ్న కష్టమైనది. నలుగురు మెచ్చునది చెప్పుట ప్రజాసేవయా, నలుగురికి మేలైనది చెప్పి వారి కోపమును కూడ సహించుట ప్రజాసేవయా? ఊరిపెద్దఱికమును కోరువారందఱును ఈ ప్రశ్నను తమలో తాము వేసికొనవలయును. పంతులుగారు 1922లోనే తమ సమాధానమును ఆచరణమున చూపిరి.