దామెర్ల వేంకటాద్రి నాయకుడు

విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో నాయక రాజ్యమును నెలకొల్పిన నాటినుండి మన తెలుగు కుటుంబములు వైగై గట్టునను, నొయ్యలు గట్టునను భూములు సంపాదించి స్థిరపడినవి. పెద్దలు గడించిన ఏటి ఒడ్డు భూమి పుత్ర పౌత్రుల చేతిలో ఏమగునను ప్రశ్న మన యిండ్లలో నేటికిని వినబడుచునే యున్నది. అట్టి ప్రశ్నయే యొకప్పుడు ఒక మహానగరపు పుట్టుకకు కారణమైనది. ఆ భూమిని ఇచ్చినవారు తెలుగువారు. వారిలో పెద్దవాడైన దామెర్ల వేంకటాద్రి నాయకుని చరిత్రను మన విద్యార్థులకు తెలుపగోరుచున్నాము. ఇతనిని వేంకటప్ప నాయకుడనియు వ్యవహరింతురు.

ఇతని తండ్రి దామెర్ల చెన్నప్ప నాయకుడు. వెలమ ప్రభువులలో పేరెన్నికగన్నవాడు. వెలుగోటి వారితో బంధుత్వము గలవాడు. విజయనగరము పాడుపడిన పిమ్మట చంద్రగిరి, వేలూరులనుండి పాలించిన అరవీటి రాజులకు ఈ వంశము అండగా నుండెను. చెన్నప్ప కుమారులలో వేంకటాద్రి వందవాసి యందును, అయ్యప్ప పూందమల్లి యందును నుండిరి. వేరొక కుమారుడు అంకభూపాలుడు కవి. ఉషాపరిణయమను ప్రబంధమును రచించి తండ్రికే అంకితము చేసెను. ఒక తండ్రికి ఒక కొడుకు కావ్యమును, మిగిలిన యిద్దరు ఒక పట్టణమును సమర్పించుట లోకములో తరచుగా కనబడు విషయము కాదు.

వేంకటాద్రి పెద వేంకటపతిరాయల కొలువులో మిక్కిలి పలుకుబడి సంపాదించెను. పళవేర్కాటినుండి శాంథోము వరకు గల సముద్రతీరము ఈ సోదరుల యేలుబడిలో నుండెను. ఉత్తరమున పళవేర్కాటిలో డచ్చివారు, దక్షిణమున శాంథోములో పోర్చుగీసువారు పాతుకొనిపోయి, ఒకరినొకరు ఓర్వలేక కలహించుచుండిరి. నడుమ నున్న నేల ఇసుకపర్ర. తూర్పున సముద్రము, దక్షిణమున కూవము నది, పడమట ఎళంబూరు ఏరు. చేపలు పట్టువారి కుప్పములు తప్ప అక్కడ చెప్పుకోదగిన ఊరు లేదు.

ఇంగ్లీషు కంపెనీవారికి ఆ దినములలో ఈ తీరమున నిలకడ లేదు. మచిలీపట్టణములో గోలకొండ ఉద్యోగుల ఒత్తిడి. నెల్లూరు సీమలో 1626 లో పెట్టుకొన్న ఆర్మగాము స్థావరము వర్తకమునకు అనుకూలింపలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639 లో దక్షిణముగా వచ్చి ఈ ఇసుకపర్రను చూచి, అద్దకపు బట్టలును నూలు బట్టలును ఇక్కడ చౌకగా దొరకునని గ్రహించెను. వేంకటాద్రికి కావలసినది వేరు. తన తీరమున వర్తకము పెరిగినచో సుంకము పెరుగును. పారసీక దేశపు మేలుజాతి గుఱ్ఱములు తనకు లభించును. డచ్చి, పోర్చుగీసు వారి నడుమ మూడవవాడొకడు నిలిచినచో పోరు తగ్గునని తమ్ముడు అయ్యప్ప భావించినట్లు ఉషాపరిణయము వలన తెలియుచున్నది.

ఆ సంవత్సరమే కౌలు వ్రాసియిచ్చిరి. ఆగస్టు 22 వ తేదీని ఆ పట్టణపు పుట్టినదినముగా నేటికిని పాటించుచున్నారు. ఆ కౌలు ప్రకారము కంపెనీవారు మదరాసుపట్నమున కోట కట్టుకొనవచ్చును, నాణెములు ముద్రించుకొనవచ్చును, వారి సరకుపై సుంకము లేదు. రెండేండ్లు పరిపాలనాధికారము వారిది. అటుపిమ్మట రేవు ఆదాయములో సగము నాయకునిది.

ఇక్కడ విద్యార్థులు ఒక మాట గమనింపవలెను. వ్రాసియిచ్చినది కౌలు, క్రయపత్రము కాదు. మన చుట్టుప్రక్కల తమిళులు కుత్తగై యనియు, మనము గుత్త యనియు చెప్పుకొను దానివంటిదే యిది. భూమి సొంతదారుని హక్కు పోలేదు. సగము రాబడి తనకే యుంచుకొనెను. కావున నాయకుడు తండ్రి ఆస్తిని కారుచౌకగా తెగనమ్మెనని కొందరు వ్రాయుట న్యాయము కాదని మా అభిప్రాయము. దాదాపు అదే కాలమున, 1626 లో, అమెరికా ఖండమున హడ్సన్ నదీముఖము వద్దనున్న మన్‌హాటన్ ద్వీపమును డచ్చివారు అక్కడి ఆదిమ జాతులవారినుండి అరువది గిల్డర్ల విలువగల సరకునకు కొనిరి. ఇచ్చినవారు ఆ నేలను కలసి అనుభవించుటకు అనుమతి యిచ్చితిమనుకొనిరనియు, పుచ్చుకొన్నవారు శాశ్వతముగా కొంటిమనుకొనిరనియు చరిత్రకారులలో పలువురు చెప్పుదురు. అక్కడ కాగితము ఒక పక్షమువారికే అర్థమైనది. ఇక్కడ వేంకటాద్రికి తానేమి యిచ్చుచున్నాడో బాగుగా తెలియును. ఇచ్చినదానిని నిలువరించు బలము తన వంశమున ఎంతకాలముండునో మాత్రము తెలియదు.

డే గారును, మచిలీపట్టణపు అధికారి ఆండ్రూ కోగన్ గారును 1640 ఫిబ్రవరి 20 న ఆ తీరమున దిగిరి. కోటను నాయకుడే తన వ్యయముతో కట్టించునని వారి నమ్మకము. ఆ మాట అనువాదములో అర్థము మారినదని తరువాత తేలెను. ఖర్చు కంపెనీపై బడెను. లండనులోని యజమానులు డే గారిపై మండిపడిరి. రెండు భాషల నడుమ నిలబడు దుబాసీ ఒక్క మాటను జార్చినచో ఎంత సొమ్ము మునుగునో, ఇంటిలో ఒక భాషయు వీథిలో ఒక భాషయు మాటలాడు మన పిల్లలకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఏమైనను కోటలో కొంతభాగము ఏప్రిల్ 23 నాటికి సిద్ధమయ్యెను. అది సెయింటు జార్జి పండుగదినమగుటచే కోటకు ఆ పేరే పెట్టిరి. దాని ప్రక్క నేతగాండ్రు, అద్దకమువారు, కోమట్లు చేరి వృద్ధిచేసిన ఊరికి చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్నమను నామము కలిగెను.

వేంకటాద్రి వైభవము రెండేండ్లకు మించి నిలువలేదు. 1642 లో పెద వేంకటపతిరాయలు మరణించెను. సింహాసనమెక్కిన శ్రీరంగరాయలకు ఇతనిపై నమ్మకము లేదు. గోలకొండ వారితో మంతనములాడుచున్నాడను అనుమానముతో ఇతనిని చెరబట్టి అధికారము తొలగించెను. బంధువులు సేన కూర్చుకొని తిరుగబడిన పిమ్మట విడుదల కలిగెను గాని పూర్వపు పలుకుబడి తిరిగి రాలేదు. 1645 లో శ్రీరంగరాయలు కంపెనీవారికి క్రొత్త కౌలునిచ్చుచు, ఆ ఊరిని తన పేర శ్రీరంగరాయపట్నమని పిలువవలెనని శాసించెను. ఆ పేరు ఎవ్వరి నోటను నిలువలేదు.

ఈ కథలో మన మధురకును పాలు కలదు. అప్పుడు మధురను పాలించుచున్నవాడు తిరుమల నాయకుడు (1623–1659). అతని మహలును మన విద్యార్థులందరును చూచియే యుందురు. అతడు తంజావూరు, సెంజి నాయకులతో గలసి శ్రీరంగరాయలను ధిక్కరించి, ఆయనపైకి గోలకొండవారిని పురికొల్పెను. మహలు కట్టించినవానిని ఎంత మెచ్చుకొన్నను ఈ పనిని మెచ్చుకొనలేము. 1646–47 లో మీర్ జుమ్లా సేనలు ఈ తీరమునంతయు ఆక్రమించెను. కంపెనీవారు క్రొత్త ప్రభువునొద్ద పాత కౌలును స్థిరపరచుకొనిరి. 1672 నాటికి సగము రాబడి లెక్కలు పోయి, ఏటికి 1,200 వరహాల కట్టుబడి యేర్పడెను. అదియు చేరినది గోలకొండ ఖజానాకు. చెన్నప్ప కుమారులకు గాని వారి సంతతికి గాని కాదు.

చెన్నపట్నమను పేరు చెన్నకేశవస్వామి గుడినిబట్టి వచ్చినదని వాదించువారును కలరు. ప్రబంధసాక్ష్యము చెన్నప్ప పక్షముననే యున్నందున మేము దానినే గ్రహించితిమి. 1953 లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆ నగరము ఎవరిదను వివాదములో ఈ నాయకుల పేరు మరల వినవచ్చెను. 1996 లో నగరమునకు చెన్నై యను పేరు ప్రభుత్వ లెక్కలలో స్థిరపడినది. దామెర్ల వారు తరువాతి కాలమున కాళహస్తి జమీందారులుగా నుండిరి. 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయినప్పుడు ఆ భూములును వారి చేయి దాటిపోయినవి.