సముద్రం అడుగున పదేళ్లు.. సంతకం లేని హైదరాబాద్ నోట్లు! వాటి కాలంలో ఖజానా చూసిన అక్బర్ హైదరీ ఎవరు?

హైదరాబాద్: పంజాగుట్ట చౌరస్తా చుట్టూ ఎటు చూసినా నగల షోరూంలే. పండగొస్తే చాలు, వెండి గిన్నెలు, పట్టీల కోసం అమీర్‌పేట మెట్రో దిగి వచ్చేవాళ్లతో ఫుట్‌పాత్ నిండిపోతుంది. వెండి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని రోజూ పొద్దున్నే మేం కూడా అప్‌డేట్ ఇస్తూనే ఉంటాం. అయితే వందేళ్ల కిందట ఇదే వెండి దొరక్క హైదరాబాద్ సంస్థానం కాగితం నోటు అచ్చు వేయాల్సి వచ్చింది. ఆ నోట్లలో కొన్ని హైదరాబాద్ చేరకుండానే ఫ్రాన్స్ తీరంలో సముద్రం పాలయ్యాయి. ఇప్పుడు పాత నోట్లు సేకరించేవాళ్లు వెతికేది వాటినే.

ఈ కథలో ముఖ్యమైన మనిషి సర్ అక్బర్ హైదరీ. హైదరాబాద్ ఖజానాను పదహారేళ్ల పాటు నడిపి, ఆ తర్వాత సంస్థానానికి ప్రధానమంత్రి అయ్యారు. ఉస్మానియా యూనివర్సిటీ గురించి మాట్లాడేటప్పుడు నిజాం పేరు అందరూ చెబుతారు. హైదరీ పేరు మాత్రం పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు తప్ప పెద్దగా తెలీదు.

బొంబాయి నుంచి లెక్కలు చూడ్డానికి వచ్చి..

1869 నవంబర్ 8న పుట్టారు హైదరీ. సులేమానీ బోహ్రా కుటుంబం. బొంబాయి సెయింట్ జేవియర్స్‌లో చదువు. 1888లో, అంటే ఇరవై ఏళ్లు కూడా నిండకుండానే బ్రిటిష్ ఇండియా ఆర్థిక శాఖలో ఉద్యోగం. 1905లో అకౌంటెంట్ జనరల్‌గా హైదరాబాద్‌కు పంపారు. లెక్కలు చూసి వెళ్లిపోవాల్సిన ఆఫీసర్ ఇక్కడే పాతుకుపోయారు.

వచ్చిన మూడేళ్లకే 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద. ఊరు సగం కొట్టుకుపోయిన ఆ రోజుల్లో సహాయ పనుల్లో ముందున్నది ఆయన భార్య అమీనా హైదరీ. అందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైసర్ ఎ హింద్ పతకం ఇచ్చింది. లేడీ హైదరీ క్లబ్ అనే పేరు వినే ఉంటారు కదా.. ఆ లేడీ హైదరీ ఈమే.

తర్వాత హైదరీ హోం శాఖ కార్యదర్శి అయ్యారు. సంస్థానంలోనే ఓ యూనివర్సిటీ పెట్టాలి, పాఠాలు ఇంగ్లిష్‌లో కాకుండా ఉర్దూలో చెప్పాలి అంటూ 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు నివేదిక ఇచ్చింది ఆయనే. నిజాం ఒప్పుకున్నారు, ఉస్మానియా పుట్టింది. అజంతా గుహల్లో రాలిపోతున్న బొమ్మలను నిలబెట్టడానికి 1920లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. ఆ పని వెనకా హైదరీ ఉన్నారు.

వెండి కరువు.. నోటు పుట్టుక

ఇక నోటు సంగతికి వద్దాం. అప్పట్లో హైదరాబాద్‌కు సొంత రూపాయి ఉండేది. సర్కారు పేరు ఉస్మానియా సిక్కా. జనం మాత్రం హాలీ అనేవాళ్లు. బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేవాళ్లు. హాలీ రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. బరువు 11 గ్రాములకు కాస్త పైన, అందులో వెండి దాదాపు 82 శాతం. కల్దార్‌లో వెండి ఎక్కువ కాబట్టి విలువా ఎక్కువే. హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైలు ఇస్తే కల్దార్ 100 వచ్చేది. నూట పదహార్లు చదివించే ఆచారం ఇక్కడి నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. వినడానికి బాగానే ఉంది. కానీ హాలీ రూపాయి నడవని కోస్తా జిల్లాల్లోనూ నూట పదహార్లు ఉన్నాయి కాబట్టి ఈ కథను నమ్మడం కాస్త కష్టమే.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. సైనికుల జీతాలకు, సరుకుల కొనుగోళ్లకు వెండి రూపాయలు గుట్టలుగా కావాలి. వెండి ధరేమో కొండెక్కింది. నాణేన్ని నాణెంగా వాడటం కంటే కరిగించి అమ్మితేనే లాభం అనే దాకా వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1917 చివర్లో రూపాయి నోటు, ఆ వెంటనే రెండున్నర రూపాయల నోటు వచ్చింది అందుకే. 1918లో బొంబాయిలో జనం నోట్లు పట్టుకుని వెండి ఇమ్మని ఎగబడ్డారు.

అప్పుడు ఆదుకున్నది ఎవరో తెలుసా? అమెరికా. 1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను 27 కోట్ల దాకా కరిగించింది. ఆ వెండిలో ఎక్కువ భాగం భారత్ కోసం బ్రిటన్‌కు అమ్మింది. ఆ డాలర్ల మీద హామీగా అమెరికా జనం చేతుల్లో ఉన్న కాగితాలనే సిల్వర్ సర్టిఫికెట్లు అంటారు. ఆ కాగితం తీసుకెళ్లి ఇస్తే వెండి ఇవ్వాలి. వెండే కరిగిపోతుంటే కాగితం ఎలా ఉంచుతారు? అందుకే కరిగించిన మేరకు సిల్వర్ సర్టిఫికెట్లనూ వెనక్కి తీసుకున్నారు. మన బొంబాయి బజార్లో వెండి కరువుకు, అమెరికాలో ఓ నోటు మాయం కావడానికి సంబంధం ఇదీ.

హైదరాబాద్ కూడా అదే ఏడాది కాగితపు కరెన్సీ చట్టం చేసింది. ఇక్కడో మాట. నోట్లు తెచ్చింది హైదరీ అని కొందరు రాస్తుంటారు. అది సరికాదు. 1918లో ఆర్థిక శాఖ చూసింది రెజినాల్డ్ గ్లాన్సీ అనే ఇంగ్లిష్ అధికారి. మొదటి నోట్ల మీద ఉన్నదీ ఆయన సంతకమే. అచ్చు వేసింది లండన్‌లోని వాటర్లో అండ్ సన్స్. నోటు మీద ఉర్దూ, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కూడా ఉంటాయి. ఈ కాగితం తెస్తే హాలీ రూపాయలు చేతిలో పెడతాం అని సర్కారు ఇచ్చిన మాట అది. పనిలో ఇది అమెరికా సిల్వర్ సర్టిఫికెట్‌కు చుట్టమే.

1921లో గ్లాన్సీ తర్వాత ఆర్థిక శాఖ హైదరీ చేతికొచ్చింది. మాట ఇచ్చింది ఒకరు, నిలబెట్టాల్సింది మరొకరు అన్నమాట.

ఓడ మునిగింది

ఆయన ఆర్థిక మంత్రి అయిన మరుసటి ఏడాదే ఈ ఘటన. 1922 మే నెలలో ఎస్‌ఎస్ ఈజిప్ట్ అనే ప్రయాణికుల ఓడ లండన్ దగ్గరి టిల్‌బరీ నుంచి బొంబాయికి బయల్దేరింది. అందులో పది లక్షల పౌండ్లకు పైగా విలువైన బంగారం, వెండి. వాటితో పాటు హైదరాబాద్ కోసం వాటర్లో అచ్చు వేసిన నోట్లు. మే 20 సాయంత్రం ఫ్రాన్స్ తీరంలో దట్టమైన పొగమంచు. సీన్ అనే ఫ్రెంచ్ సరుకు ఓడ వచ్చి గుద్దింది. ఇరవై నిమిషాల్లో ఈజిప్ట్ మునిగిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు.

బంగారం పోతే పోయినట్టే. మరి నోట్లు? ఇక్కడే అసలు మెలిక. ఆ నోట్ల మీద అన్నీ అచ్చయ్యాయి, సంతకం తప్ప. హైదరాబాద్ వచ్చాక సంతకం పడితేనే అవి డబ్బు. అప్పటిదాకా రంగురంగుల కాగితాలే. కాబట్టి ఖజానా వెండి ఇవ్వాల్సిన బాధ్యత వాటి మీద లేదు.

ఇటలీకి చెందిన సోరిమా అనే కంపెనీ ఏళ్ల తరబడి వెతికి, 1930లో ఆర్టిగ్లియో అనే నౌకతో ఆ ఓడను కనిపెట్టింది. వంద మీటర్లకు పైగా లోతు. అదే ఏడాది డిసెంబర్‌లో మరో మునిగిన ఓడను పేలుస్తుంటే అందులోని మందుగుండు మొత్తం అంటుకుని ఆర్టిగ్లియోనే పేలిపోయింది. పేరున్న డైవర్లు చనిపోయారు. అయినా ఆ కంపెనీ వదల్లేదు, ఇంకో నౌక తెచ్చింది. 1932 జూన్‌లో బంగారం బయటికొచ్చింది. ఆ బంగారం గది దాకా చేరే పనిలో ఇనుప పంజాతో పైకి లాగిన వాటిలో హైదరాబాద్ నోట్లు కూడా ఉన్నాయి. పదేళ్లు ఉప్పునీళ్లలో నానినా చదవడానికి వీలుగానే ఉన్నాయట!

ఆ సంతకం లేని, మరకలు పడ్డ కాగితాలే ఇప్పుడు సేకర్తల దగ్గర ఈజిప్ట్ నోట్లుగా చెలామణి అవుతున్నాయి. ఓడ మునగకుండా ఉంటే వాటి మీద సంతకం పడేది, బజార్లో తిరిగి నలిగి చివరికి ఖజానాలో కాలిపోయేవి.

ఖజానా పెద్ద

తర్వాతి పదిహేనేళ్లు హైదరీ చేసింది పైకి కనిపించని పని. ఒక్కో శాఖకు ఇంత అని ముందే కొన్నేళ్లకు డబ్బు కట్టబెట్టి, మిగిలింది నిల్వలో వేసే పద్ధతి తెచ్చారు. 1930లో నిజాం రైల్వేను లండన్ కంపెనీ నుంచి సంస్థానం కొనేసింది. అమీర్‌పేటకు కూతవేటు దూరంలో బేగంపేట స్టేషన్ మీదుగా వెళ్లే లైను ఉంది కదా, అది అలా సర్కారు సొంతమైందే. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాలకు హైదరాబాద్ బృందాన్ని నడిపించిందీ ఆయనే. 1928లో సర్ బిరుదు వచ్చింది. నిజాం ఇచ్చిన బిరుదు హైదర్ నవాజ్ జంగ్. నోట్ల జాబితాల్లో ఈ పేరు చూసి వేరే మనిషి అనుకోవద్దు.

ఇంకో చిన్న విషయం. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతి భవనం ఉంది. హైదరీ ద్వారా నిజాం సర్కారు లక్ష రూపాయలు ఇచ్చింది కాబట్టే దానికి మన గోల్కొండ పేరు.

1937 మార్చిలో ఆయన ప్రధానమంత్రి అయ్యారు. ఇక్కడి నుంచి కథ అంత గొప్పగా లేదు. 1938లో స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. హాస్టల్లో వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థులను వందల సంఖ్యలో బయటికి పంపేశారు. వరంగల్‌లో చదువుతున్న పీవీ నరసింహారావు కూడా ఆ వేటు పడ్డవారే, నాగ్‌పూర్ వెళ్లి చదువుకున్నారు. యూనివర్సిటీ పెట్టించిన మనిషి పాలనలోనే ఇది జరిగింది. 1940లో జోడేఘాట్ అడవుల్లో కుమ్రం భీం చనిపోయినప్పుడూ పాలన పగ్గాలు హైదరీ చేతుల్లోనే. నోటు మీద తెలుగుకు చోటిచ్చిన సర్కారు, తెలుగు మాట్లాడే జనం అడిగిన హక్కులకు చోటివ్వలేదు. లెక్కల్లో ఆయన ఎంత గట్టివారైనా ఈ మాట దాచాల్సిన పనిలేదు.

హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ చట్టం వచ్చింది 1941 ఆగస్టులో, ఆయన ప్రధానిగా ఉన్న చివరి రోజుల్లో. సెప్టెంబర్‌లో ఆ పదవి వదిలి వైస్రాయ్ కౌన్సిల్‌లో సమాచార, ప్రసార శాఖ తీసుకున్నారు. 1942 జనవరిలో కన్నుమూశారు. హాలీ సిక్కా వ్యవహారాలు చూడాల్సిన ఆ బ్యాంకు పని మొదలుపెట్టింది ఏప్రిల్ 5న. మూడు నెలల తేడాతో ఆయన చూడలేకపోయారు. మనం నిన్నమొన్నటి దాకా ఎస్‌బీహెచ్ అన్నది ఈ బ్యాంకునే. 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది.

మీ ఇంట్లో ఉందా?

హాలీ నోట్లు 1950ల్లో దశలవారీగా రద్దయ్యాయి. అమెరికాలో సిల్వర్ సర్టిఫికెట్‌కు వెండి ఇవ్వడం 1968 జూన్ 24తో ఆగింది. తేడా ఏంటంటే, నీలం ముద్రతో ఉండే చిన్న సైజు సిల్వర్ సర్టిఫికెట్లు అక్కడ ఇప్పటికీ చెల్లుతాయి. డాలర్ నోటుకు డాలర్ ఇస్తారు, వెండి మాత్రం ఇవ్వరు. మన హాలీ నోటు ఎక్కడా చెల్లదు, సేకర్తల దగ్గర తప్ప.

అమీర్‌పేట, బల్కంపేట, పంజాగుట్ట వైపు పాత ఇళ్లు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. తాతల నాటి ట్రంకు పెట్టెలో ఇలాంటి కాగితం కనిపిస్తే చూడాల్సినవి రెండు. ఒకటి సంతకం ఎవరిది. గ్లాన్సీ, హైదర్ నవాజ్ జంగ్, ఆ తర్వాత గులాం మహమ్మద్, జాహిద్ హుస్సేన్.. ఈ చివరి ఇద్దరిలో ఒకరు పాకిస్థాన్ గవర్నర్ జనరల్, మరొకరు పాకిస్థాన్ స్టేట్ బ్యాంక్ తొలి గవర్నర్ అయ్యారు. రెండోది తేదీ. నోటు మీద 1331 అని ఉంటే కంగారు పడొద్దు, అది ఫస్లీ సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. నోటు మురికిగా ఉందని కడగడం, ఇస్త్రీ చేయడం, చిరుగుకు టేప్ అంటించడం అస్సలు వద్దు.

పాత నోటుకు లక్షలు ఇస్తాం, ముందు కమీషన్ కట్టండి అనే ఫోన్లు, లింకులు వస్తుంటాయి. అలాంటి కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. డబ్బు ముందు అడిగారంటే అక్కడే ఆగిపోండి.

హాలీ రూపాయి కథ దగ్గర్నుంచి తెలుసుకోవాలంటే పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ మీదుగా సైఫాబాద్ వెళ్తే చాలు. నిజాం కాలం నాటి టంకశాల భవనంలో 2022లో మ్యూజియం పెట్టారు.