డాక్టర్ ఫౌస్టు: మన పొరుగు మాంత్రికుడు

‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడు మన ఇళ్ళలో అందరికీ తెలిసినవాడే. అటువంటి పేరుపడ్డ మాంత్రికుడొకాయన మన ఫ్రైబర్గు పొరుగునే కన్నుమూశాడు.

యోహాన్ గెయోర్గ్ ఫౌస్టు సుమారు 1480లో పుట్టాడు. జాతకాలు చెబుతూ ఊరూరా తిరిగాడు. 1520లో బాంబెర్గు బిషప్పు జాతకం వ్రాయించుకొని 10 గుల్డెన్లు ఇచ్చాడు. 1528లో ఇంగోల్‌స్టాట్ నగరం ఆయనను వెళ్ళగొట్టింది. 1540 ప్రాంతంలో, ఫ్రైబర్గుకు దక్షిణాన ఉన్న స్టౌఫెన్‌లో చనిపోయాడంటారు. సైతానే మెడ విరిచిందని జనం చెప్పుకున్నారు. అక్కడి సింహం పేరుగల పాత సత్రం గోడమీద ఆ కథ వ్రాసి ఉంది. 1587లో ఫ్రాంక్‌ఫర్టులో అచ్చయిన పుస్తకం ఆయన సైతానుకు ఆత్మను అమ్ముకున్నాడని ఊరూరా చాటింది. 1808లో గేటే నాటకం మొదటి భాగంతో ఆ పేరు లోకమంతా నిలిచింది.

కథగా వింటే ఒళ్ళు జలదరిస్తుంది, బాగుంటుంది. కాని ఆ భయాన్నే నిజమని నమ్మి, 1599లో ఫ్రైబర్గులో అమాయక స్త్రీలను మంత్రగత్తెలని చంపారు. వారిలో ముగ్గురి పేర్లు మార్టిన్ ద్వారం దగ్గర ఫలకంమీద ఉన్నాయి. చేతబడి నెపంతో హత్యలు మన తెలుగునాట మన కాలంలోనూ జరిగాయి.

మేము తరగతిలో ఫౌస్టు కథ చెప్పినప్పుడల్లా, చివర ఆ ముగ్గురినీ తలచుకుంటాము. మీరూ మీ పిల్లలకు రెండూ చెప్పండి.