మానా నదీతీరాన ఒక మాతృమూర్తి: ఆన్ మరీ జవూయే

మన యానానికి ఫ్రాన్సుతో గల సంబంధాన్ని తలచుకొన్నప్పుడు సాధారణంగా మనకు స్ఫురించేవారు వర్తకులు, గవర్నర్లు, సైనికులు. మధ్యమధ్య ఆంగ్లేయుల ఆక్రమణలు ఉన్నప్పటికీ, 1954లో ముగిసేవరకు ఆ పాలన మన తాతముత్తాతల జీవితాలలో పెనవేసుకొని ఉండినది. అయితే ఆ దేశపు ఓడలు మోసుకొని వచ్చినది సరకులను, ఫర్మానాలను మాత్రమే కాదు. 1827లో పుదుచ్చేరి తీరాన బాలికలకు విద్య గరపుటకై కొందరు స్త్రీలు దిగినారు. వారు క్లూనీ సెయింట్ జోసెఫ్ సభకు చెందిన సోదరీమణులు. వారిని పంపిన స్త్రీ ఒక రైతుబిడ్డ. ఆమె పేరు ఆన్ మరీ జవూయే. మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ, విద్యాలయాన్ని నెలకొల్పడమంటే ఏమిటో తన జీవితంతో చూపిన ఆ మహనీయురాలిని స్మరించుకోవడం సముచితమని భావించి ఈ వ్యాసాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

బాల్యము – విప్లవకాలము

ఆన్ మరీ 1779 నవంబరు 10న ఫ్రాన్సు దేశంలోని బర్గండీ ప్రాంతంలో, జలాంజ్ అనే చిన్న గ్రామంలో జన్మించారు. తండ్రి బల్తజార్ కలిగిన రైతు. తరువాత ఆ కుటుంబం సమీపంలోని షాంబ్లాన్ గ్రామంలో స్థిరపడినది. ఇంటివారు ఆమెను ముద్దుగా నానెట్ అని పిలిచేవారు.

ఆమెకు పదేండ్ల వయస్సులో ఫ్రెంచి విప్లవం చెలరేగినది. చర్చిలు మూతపడినాయి. కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చేయని గురువులు ప్రాణభయంతో అజ్ఞాతవాసం చేయవలసి వచ్చినది. యుక్తవయస్సు వచ్చేనాటికి నానెట్ అట్టి గురువులకు ఆశ్రయం కల్పించుటలోను, రహస్య ప్రార్థనలు జరుగుచోట కాపలా కాయుటలోను, చుట్టుపట్ల పిల్లలను చేరదీసి చదువు చెప్పుటలోను నిమగ్నమైనారు. పట్టుబడితే కుటుంబమంతటికీ ముప్పు వాటిల్లే రోజులవి. 1798 నవంబరు 11 రాత్రి రహస్యంగా జరిగిన ఒక పూజలో, పంతొమ్మిదేండ్ల ఆ యువతి తన జీవితాన్ని దైవసేవకు, పేదపిల్లల విద్యకు అంకితం చేసుకొన్నారు. కుమార్తె వివాహం చేసుకొని ఇంటిపట్టున ఉంటుందని ఆశించిన తండ్రికి ఈ నిర్ణయం మొదట రుచించలేదు. కానీ కాలక్రమాన ఆమె పనికి ధనసహాయం చేసినవారిలో ఆయనే ప్రథములు.

1800లో ఆమె బెసాన్సోన్ నగరంలోని ఒక సోదరీ సభలో చేరినారు. తన దారి వేరని గ్రహించి అక్కడ నిలువలేదు. ఆ ఆశ్రమంలో ఉండగా వివిధ వర్ణాల పిల్లలు తన చుట్టూ చేరినట్లు ఆమెకొక దర్శనం కలిగినదని సంప్రదాయంగా చెప్పుకొంటారు. 1806 డిసెంబరులో నెపోలియన్ చక్రవర్తి ఆమె తలపెట్టిన సభకు అనుమతినిచ్చినారు. 1807 మే 12న షలోన్ పట్టణంలో తొమ్మండుగురు స్త్రీలు వ్రతం స్వీకరించారు. వారిలో ఆన్ మరీయే కాక ఆమె తోబుట్టువులు ముగ్గురు ఉన్నారు. 1812లో తండ్రి సహాయంతో క్లూనీ పట్టణంలో ఒక పాత మఠాన్ని కొన్నందున ఆ సభకు క్లూనీ పేరు స్థిరపడినది.

వీధిబడి నుండి పారిస్ దాకా

1815 ప్రాంతంలో ఆన్ మరీ పారిస్‌లో ఒక బడి నడిపినారు. అందులో పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెప్పే పద్ధతిని అవలంబించారు. ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు మనవారు తప్పక తెలుసుకోదగినవి. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శాలకు అధికారిగా ఉండిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ దేశీయ మతగురువు, ఇక్కడి దేశీయ బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూచి ముచ్చటపడి, తన శాలలో పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించే ఏర్పాటు చేసినాడు. 1797లో లండనులో ఆ విషయమై ఒక పుస్తకం ప్రకటించినాడు. జోసెఫ్ లాంకాస్టర్ అటువంటి పద్ధతినే మరింత వ్యాప్తిలోనికి తెచ్చినాడు. అది అక్కడినుండి ఫ్రాన్సుకు చేరినది.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజులలో బెల్, లాంకాస్టర్ పేర్లను పరీక్ష కోసం వల్లెవేశానే గాని, మన వీధిబడి ఇసుక అంత దూరం ప్రయాణించినదని నాకప్పుడు తోచలేదు. పరాయి మతశాఖ వారి పద్ధతి అని పారిస్‌లో కొందరు మతపెద్దలు ఆమెను నిందించారు. చదువు త్వరగా వచ్చే దారి ఎవరిదైతేనేమి అని ఆమె వెనుకంజ వేయలేదు. ఆ బడి ఖ్యాతి విని బోర్బన్ ద్వీపపు పాలనాధికారి తమ ద్వీపానికి ఉపాధ్యాయినులను పంపమని కోరినారు. హిందూ మహాసముద్రంలోని ఆ ద్వీపాన్నే నేడు రీయూనియన్ అంటున్నాము. 1817లో నలుగురు సోదరీమణులు అక్కడికి ఓడనెక్కినారు. సభ విదేశసేవకు నాంది అదే.

ఆఫ్రికా తీరమున

1819లో సోదరి రొజాలీ నాయకత్వాన మరికొందరు ఆఫ్రికాలోని సెనెగల్‌కు, సెయింట్ లూయీ పట్టణానికి చేరినారు. రొజాలీ ఆన్ మరీకి స్వయాన చెల్లెలు. అక్కడి ఆసుపత్రి దయనీయస్థితిలో ఉండినది. జ్వరాలు విజృంభించేవి. 1822లో ఆన్ మరీ స్వయంగా వెళ్ళి చూచినారు. పంపినవారు తాము వెళ్ళకుండా ఉండరాదన్నది ఆమె నియమం. సెనెగల్ నదీతీరాన దగానా వద్ద వ్యవసాయక్షేత్రం ఏర్పరచినారు. ఆంగ్లేయ గవర్నరు ఆహ్వానంపై గాంబియాకు, సియెర్రా లియోనుకు వెళ్ళి రోగులకు పరిచర్య చేసినారు. ఫ్రీటౌనులో పచ్చజ్వరం వ్యాపించినప్పుడు ఆమె కూడా జబ్బుపడి కోలుకొన్నారు.

ఈ పర్యటనలో ఆమెకొక సత్యం బోధపడినది. ఫ్రాన్సు నుండి వచ్చినవారు నాలుగు రోజులు ఉండి, జబ్బుపడి, తిరిగి వెళ్ళుదురు. కొందరు అక్కడే మరణింతురు. పని నిలవాలంటే ఆ నేలబిడ్డలే గురువులు కావాలి. అందుచేత ఆమె ఆఫ్రికన్ బాలబాలికలను ఫ్రాన్సుకు తీసుకొనివచ్చి చదివించారు. ఆ దేశపు చలికి, క్షయవ్యాధికి వారిలో పలువురు బలియైనారు. అది ఆమెకు తీరని దుఃఖం. అయినా 1840లో ముగ్గురు సెనెగల్ యువకులు బ్వాలా, ఫ్రిడోయిల్, మూసా గురుపట్టాభిషేకం పొందినారు. వీరిలో దవీద్ బ్వాలా తన దేశం గురించి 1853లో ప్రసిద్ధమైన ఒక గ్రంథం రచించినారు.

అటు 1822లో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాకు, 1826లో కెనడా తీరాన ఉన్న సెయింట్ పియెర్ దీవులకు, 1827లో మన పుదుచ్చేరికి సోదరీమణులు వెళ్ళినారు. ఒక రైతుబిడ్డ స్థాపించిన సభ ఇరవై సంవత్సరాలలో నాలుగు ఖండాలలో బడులు, ఆసుపత్రులు నడపడం సామాన్య విషయం కాదు.

మానా గ్రామము

ఆమె జీవితంలో శిఖరప్రాయమైన ఘట్టం గయానాలోని మానా. దట్టమైన అడవి నడుమ నది. అంతకుముందు ప్రభుత్వం అక్కడ చేసిన వలస ప్రయత్నం విఫలమైనది. 1828లో ఆన్ మరీ పెక్కుమంది సోదరీమణులతో, రైతులతో, చేతిపనివారితో అక్కడికి వెళ్ళినారు. అడవి కొట్టినారు, పశువులను పెంచినారు, పొలాలు వేసినారు. ఒప్పందకాలం తీరగానే వలసదారులలో చాలామంది వెళ్ళిపోయినారు. సోదరీమణులు మాత్రం అక్కడే నిలిచినారు. ఎక్కడికో దూరంగా, దీవులలోనికి నెట్టివేయబడిన కుష్ఠరోగులను 1833లో సమీపాన ఉన్న అకరువానీకి చేర్పించి వారికి ఆశ్రయం కల్పించారు.

1835లో ప్రభుత్వం ఆమెకు బృహత్తరమైన బాధ్యత అప్పగించినది. అక్రమంగా బానిసలను తెచ్చిన ఓడలనుండి పట్టుకొన్న ఆఫ్రికన్లు సుమారు ఐదువందలమంది గయానాలో ఉండినారు. కొన్నేండ్లు పనిచేసిన తరువాత వారికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వాలని చట్టం. వారిని మానాకు తరలించి, ఆ స్వేచ్ఛకు సిద్ధపరచుమని ప్రభుత్వం కోరినది. అరవయ్యవ ఏటికి చేరువలో ఉన్న ఆమె మరల ఓడనెక్కినారు. అక్కడ వారికి చదువు, సేద్యం, చేతిపనులు నేర్పినారు. వివాహాలు జరిపించి కుటుంబాలుగా స్థిరపరచినారు. 1838 మే 21న మొదటి విడతగా 185 మందికి స్వేచ్ఛాపత్రాలు అందినాయి. ఒక్కొక్క కుటుంబానికి గుడిసె, సాగుభూమి కూడా సమకూర్చారు. ఫ్రెంచి వలసలలో బానిసత్వం రద్దయినది 1848లో. మానాలో దానికి పదేండ్ల ముందే ఆ వెలుగు ప్రసరించినది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. మానా వ్యవసాయానికి ఆమె కొందరు బానిసలను ఖరీదు చేసి పనిచేయించినారు. విముక్తులపై ఆమె పెట్టిన కట్టుబాట్లు తల్లి బిడ్డలపై పెట్టే కట్టుబాట్లవలె ఉండేవి. వారు పెరిగిన మనుష్యులని నేటి చరిత్రకారులు గుర్తుచేస్తున్నారు. ఆమె తన కాలపు మనిషి. ఆ కాలపు హద్దులను కొన్ని దాటినారు, కొన్నింటిలో ఉండిపోయినారు. మహనీయులను గౌరవించడానికి వారి లోపాలను కప్పిపుచ్చవలసిన అవసరం లేదని నా నమ్మకం.

స్వజనుల వలన కష్టములు

కయేన్ నగరపు తోటల యజమానులకు ఆమె కంటగింపైనారు. కూలి లేకుండా కష్టపడే బానిసలకు మానా ఒక ఆశగా కనిపించడమే అందుకు కారణం. ఆమె ఎక్కిన పడవను నదిలో బోల్తా కొట్టించడానికి ఒక పడవవానికి లంచమిచ్చినారనీ, అతడు ఆ పని చేయలేక ఆమె వద్దనే ఒప్పుకొన్నాడనీ ఆ సభలో తరతరాలుగా చెప్పుకొంటారు.

అంతకంటె బాధాకరమైన వ్యతిరేకత స్వంత మతాధికారి వలన కలిగినది. క్లూనీ పట్టణం ఓతున్ మేత్రాసనం క్రిందిది. అక్కడి బిషప్ ఈ సభకు తానే ప్రధానాధిపతిగా ఉండదలచినారు. 1835లో ఒత్తిడికి లోనై ఆమె ఒక పత్రంపై సంతకం చేసినారు. సభ చేజారుతున్నదని గ్రహించి ఆ వెంటనే దానిని ఉపసంహరించుకొన్నారు. ఫలితంగా గయానాలో సుమారు రెండేండ్లపాటు ఆమెకు దివ్యసత్ప్రసాదం నిరాకరించబడినది. విశ్వాసినియైన స్త్రీకి అంతకు మించిన శిక్ష ఉండదు. ఇతరులు ప్రసాదం స్వీకరిస్తుండగా ఆమె తన చోటనే కూర్చుండి ఉండేవారు. అయినను ఒక్కరోజు కూడా పని మానలేదు. ఇతర బిషప్పుల మద్దతుతో ఆ సంక్షోభం క్రమంగా చల్లబడినది.

1843లో ఆమె మానా విడిచినారు. మరల అక్కడికి వెళ్ళలేదు. 1848లో గయానాలో విముక్తులకు ఓటుహక్కు లభించినప్పుడు, మానా పురుషులు తమ ప్రతినిధిగా ఆమెనే ఎన్నుకోదలచినారని ప్రతీతి. స్త్రీలు పోటీకి అనర్హులని వారికి నచ్చజెప్పవలసి వచ్చినదట. 1851 జూలై 15న ఆమె పారిస్‌లో కన్నుమూసినారు. తనను బాధించిన బిషప్ కొద్దిరోజుల ముందే మరణించారని తెలిసి, ఆయన ఆత్మశాంతికై ప్రార్థించారే గాని నిష్ఠూరమాడలేదు. 1950 అక్టోబరు 15న పన్నెండవ పియూస్ పోపు ఆమెను ధన్యురాలిగా ప్రకటించినారు.

ముగింపు

ఈ చరిత్ర చదివినప్పుడు నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసినది ఆమె వెళ్ళిన దూరాలు కాదు. ఏ ఊరు వెళ్ళినా, తాను లేనినాడు ఈ పని ఎవరు చేస్తారు అని ఆమె ముందుగానే ఆలోచించినారు. సెనెగల్‌లో ఆ నేలబిడ్డలను గురువులుగా తీర్చిదిద్దబూనినారు. మానాలో విముక్తుల చేతికి భూమినిచ్చినారు. పారిస్ బడిలో పెద్ద పిల్లలచేత చిన్నవారికి పాఠం చెప్పించినారు. మూడింటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే.

మన పాఠశాలలో తొలినాడు పలకలు పంచిన ఉపాధ్యాయులు నేడు మన మధ్య లేరు. వారు చదువు చెప్పిన పిల్లలు ఉపాధ్యాయులైనారు. వారు చెప్పిన పాఠాలు విన్నవారిలో నేనూ ఒకతెను. ఈ సాయంకాలం ఐదవ తరగతి బాలిక ఒకతె మా వరండాలో కూర్చొని ఒకటవ తరగతి తమ్మునిచేత అక్షరాలు దిద్దిస్తుండగా చూచినాను. నేను లోపలికి పిలువలేదు, మెచ్చుకొనలేదు. ఆ పాఠం పూర్తి అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడినాను.