ఓమ్ గారి బ్యాటరీ కష్టాలు

వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. ఫస్టియర్ దాటిన ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. 230 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకునే వాటర్ హీటర్ ఉందనుకోండి. భాగిస్తే 46 ఓములు, గుణిస్తే 1150 వాట్లు. ఐదు సెకన్ల పని. నేను సీఎస్‌ఈ కాబట్టి ఈ లెక్కతో నాకు పెద్దగా పని లేదు. కానీ ఆ ఓమ్ అనే మనిషి గురించి చదివాక ఆయన్ని పట్టుకుని వదల్లేదు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. నాన్న తాళాలు తయారుచేసేవాడు. సొంతంగా లెక్కలు, సైన్స్ నేర్చుకుని ఇంట్లో కొడుకులకు తనే చెప్పేవాడు. ఓమ్‌కి పదేళ్లప్పుడు అమ్మ పోయింది. యూనివర్సిటీలో చేరాక ఆయన డాన్సులు, స్కేటింగ్, బిలియర్డ్స్‌లో పడ్డాడు. నాన్నకి ఒళ్లు మండి చదువు మాన్పించి స్విట్జర్లాండ్ పంపించేశాడు. అక్కడ బడిలో లెక్కలు చెప్పుకుంటూ గడిపి, తిరిగొచ్చి 1811లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. అయినా దొరికినవి స్కూల్ టీచర్ ఉద్యోగాలే.

1817లో కొలోన్‌లో ఒక స్కూల్లో చేరాడు. అక్కడ మంచి ల్యాబ్ ఉంది. తీగ పొడవు మారిస్తే కరెంట్ ఎంత మారుతుందో కొలవడం మొదలుపెట్టాడు. చిక్కల్లా బ్యాటరీతోనే. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు, కొలుస్తుండగానే బలం తగ్గిపోయేది. అందుకే 1825లో ఆయన అచ్చువేసిన మొదటి సూత్రం తప్పు.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. పోగెండార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహాతో ఆయన బ్యాటరీనే పక్కన పెట్టేశాడు. బిస్మత్, రాగి కలిపిన రెండు అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. నీళ్లు మరుగుతున్నంతసేపూ, మంచు ఉన్నంతసేపూ ఆ తేడా మారదు, కాబట్టి వోల్టేజ్ కూడా మారదు. వేలాడదీసిన అయస్కాంత సూదితో కరెంట్ కొలిచాడు. ఈసారి లెక్క కుదిరింది. మన ప్రోగ్రామ్ తప్పు జవాబిస్తే లాజిక్‌నే పదిసార్లు తిరగరాస్తాం. ఇన్‌పుట్ సరిగ్గా ఉందా అని చూసేది ఆఖర్న కదా!

1827లో పుస్తకం వేశాడు. యూనివర్సిటీ ఉద్యోగం వస్తుందని ఆశపడ్డాడు. స్వదేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది కొలోన్ ఉద్యోగం మానేసి, బెర్లిన్‌లో చిన్న జీతానికి పాఠాలు చెప్పుకుంటూ ఏళ్లు గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో చోటు దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. తీగలో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో గుణించినంత అని జూల్ అచ్చువేసిందీ అదే ఏడాది. మన హీటర్‌కి వేసి చూడండి: 5 ఇంటు 5 ఇంటు 46, మళ్లీ 1150 వాట్లే.

యువకుడిగా కోరుకున్న యూనివర్సిటీ ప్రొఫెసర్ పదవి మ్యూనిక్‌లో 1852లో వచ్చింది. అప్పటికి ఆయనకి 63 ఏళ్లు. రెండేళ్లకే, 1854 జూలైలో చనిపోయాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం రెసిస్టెన్స్ యూనిట్‌కి ఆయన పేరే ఖాయం చేసింది. అది చూడ్డానికి ఆయన లేడు. పాతికేళ్లు ఎదురుచూసిన కుర్చీలో ఆయన కూర్చున్నది రెండేళ్లే.