విసుగును గెలిచిన బ్రౌను దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతబోధకుడు. బ్రౌను 1817లో కంపెనీ కొలువునకై మదరాసు వచ్చి, అచ్చట తెలుగు నేర్చెను. 1820లో ఆయనకు కడపలో ఉద్యోగము లభించెను. పుంగనూరు జమీకి పొరుగుననున్న మదనపల్లె ప్రాంతము ఆ కాలమున కడప జిల్లాలోనిదే.

1824లో వేమన పద్యములు ఆయన దృష్టిని ఆకర్షించెను. ఆనాడు తెలుగు కావ్యములు పెక్కులు తాటాకులపైననే యుండి, చెదలకు ఆహారమగుచుండెను. బ్రౌను ఊరూర వ్రాతప్రతులను సేకరింపసాగెను. క్రొత్త ప్రతి చేతికి వచ్చిన నాటి సంతోషము వేఱు. దానిని పరిష్కరించు నాటి శ్రమ వేఱు. ఒక లేఖకుడు అక్షరము తప్పుగా వ్రాసిన, తరువాతివాడు ఆ తప్పునకు తన తప్పును చేర్చును. కావున ఒకే గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, అక్షరమక్షరము పోల్చి చూడవలెను. యతిప్రాసలు చెడినచోట తప్పు పట్టుబడును. అవి చెడనిచోట అర్థమును బట్టి నిర్ణయింపవలెను.

ఈ విసుగు పుట్టించు పనిని బ్రౌను విడువలేదు. కడపలో బంగళా కొని, జూలూరి అప్పయ్య మొదలగు పండితులకు తన సొమ్ముతో జీతములిచ్చి, అప్పులపాలైనను పని సాగించెను. 1829లో 693 వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1839 నాటి ముద్రణలో ఆ సంఖ్య 1164కు పెరిగెను. మాటలను ఏరి, వరుసకూర్చి, అర్థములు వ్రాసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను.

ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరిన పిమ్మట ఆయన లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12న మరణించెను.

నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇట్టి అనుభవమే కలుగును. క్రొత్తది కల్పించుట ఇంపుగా నుండును. అందలి తప్పులను వెదకుట విసుగు పుట్టించును. అయినను ఒక్క గుర్తు తప్పిన ప్రోగ్రాము నడవకపోవచ్చును. కుప్పములో 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయము వంటి చోట్ల తెలుగు చదువువారికి బ్రౌను నిఘంటువు నేటికిని అక్కఱకు వచ్చును. ఇంపైన పనిని ఎవరైనను చేయుదురు. విసుగైన పనిని కూడ శ్రద్ధతో ముగించినవాని కృషియే నిలుచును.